ఆపింది ఎవరు, ఎప్పటిదాకా?

2025 మే 30న తెలంగాణ ప్రభుత్వం 49వ నంబరు జీవో ఇచ్చింది. మన కవ్వాల్‌కూ మహారాష్ట్రలోని తాడోబాకూ మధ్య పులులు వచ్చిపోయే అడవిని కుమ్రం భీం పేరుతో కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించిన ఉత్తర్వు అది. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో దాదాపు 1,490 చదరపు కిలోమీటర్ల అడవి దాని కిందికి వచ్చింది. అక్కడ బతికే గోండులు, కొలాములు, మిగతా ఆదివాసులు తమ గ్రామసభలను ఒక్క మాట అడగలేదని, రేపు ఊళ్లు ఖాళీ చేయమంటారని రోడ్డెక్కారు. జూలై 21న ప్రభుత్వం ఆ జీవోను ‘అబెయన్స్’లో పెట్టింది. వార్తల్లో అది ‘నిలిపివేత’ అయింది. ఆదివాసీ సంఘాలు మాత్రం నిలిపివేత చాలదని, పూర్తిగా రద్దు చేయాల్సిందేనని పట్టుబట్టాయి. దూరం నుంచి చూసేవారికి ఇది మొండిపట్టులా కనిపిస్తుంది. జీవో ఆగింది కదా, ఇంకేం కావాలి అనిపిస్తుంది. నా దృష్టిలో ఆ సంఘాలే కాగితాన్ని సరిగ్గా చదివాయి. అబెయన్స్‌లో పెట్టిన ఉత్తర్వు బతికే ఉంటుంది, అమలు మాత్రం ఆగుతుంది. మళ్లీ నడిపించాలంటే కొత్త ప్రతిపాదన, కొత్త జీవో అక్కర్లేదు. ఆపిన చెయ్యే ఇంకో మెమో రాస్తే చాలు. రద్దయిందంటే అంతా మొదటికి రావాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 36ఎ సెక్షన్ ప్రకారం స్థానికులతో సంప్రదించాకే ఇలాంటి రిజర్వును ప్రకటించాలి. రద్దయితే ఆ సంప్రదింపులు మళ్లీ జరపక తప్పదు. నిలిపివేతలో ఆ హామీ లేదు.

ఆపడానికీ వాయిదా వేయడానికీ ఇంగ్లిషులో ఉన్న ఇలాంటి మాటలు ఉత్తర తెలంగాణకు బడి పుస్తకాల్లోంచి వచ్చినవి తక్కువ. గని, మిల్లు, కోర్టు, బ్యాంకు, తహసీల్ ఆఫీసు తెచ్చిపెట్టినవే ఎక్కువ. గోదావరిఖనిలో, శ్రీరాంపూర్‌లో అక్షరం రాని కార్మికుడు కూడా లే ఆఫ్, లాకౌట్, సస్పెన్షన్ అంటాడు. భూమి తగాదాలో చిక్కుకున్న జగిత్యాల రైతు ‘అవుతలోళ్లు స్టే తెచ్చిండ్రు’ అంటాడు. ‘ఫైలు పెండింగ్‌ల ఉన్నది’, ‘బిల్లు హోల్డ్‌ల వెట్టిండ్రు’, ‘పరీక్ష పోస్ట్‌పోన్ అయింది’, ‘టెండర్ క్యాన్సలైంది’ అనే మాటలు కరీంనగర్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ తెలుగు మాటలంత మామూలుగా చెలామణి అవుతున్నాయి. ఇన్ని మాటలు నోళ్లలో నానుతున్నా, వాటి మధ్య తేడా మాత్రం ‘ఆగింది’, ‘బంద్ అయింది’ అనే ఒక్క ముక్కలో కరిగిపోతోంది. ఈ మాటల్లో ప్రతి ఒక్కటీ మూడు సంగతులు తేలుస్తుంది. ఆపే అధికారం ఎవరిది, ఎప్పటిదాకా, ఆగినన్నాళ్ల నష్టం ఎవరు మోయాలి. ఇవి తెలుసుకోకుండా ‘ఆగింది’తో సరిపెట్టుకున్న చోటల్లా నష్టపోయింది మామూలు మనిషేనన్నది నా వాదన.

ఆపడం ఎంత పద్ధతిగా ఉండవచ్చో చూడాలంటే ఏ పెద్ద ఆఫీసుకూ పోనక్కర్లేదు, ఊరి సబ్‌స్టేషన్‌కు పోతే చాలు. పొలాల మీది వైరు తెగినా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయినా లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు ‘ఎల్‌సీ’ తీసుకుంటాడు. లైన్ క్లియర్ అన్న ఇంగ్లిషు మాటకు పొట్టి పేరు అది. రైతులందరికీ తెలిసిన మాటే. కరెంటు పోతే ‘ఎల్‌సీ తీసుకున్నరు’ అని చెప్పుకుంటారు. సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఫలానా ఫీడర్‌ను ఆపి, ఎవరు అడిగారో, ఎన్ని గంటలకు ఆపాడో రిజిస్టర్‌లో రాస్తాడు. ఆ తర్వాత ఊరి పెద్ద ఫోన్ చేసినా, పైరు ఎండుతోందని రైతులు వచ్చి గేటు ముందు నిలబడ్డా లైను చార్జ్ చేయకూడదు. ఎల్‌సీ తీసుకున్న మనిషే పని ముగించి తిరిగి ఇవ్వాలి. ఆ ఒక్క కట్టుబాటు మీద లైన్‌మన్ ప్రాణం ఆధారపడి ఉంది. దాన్ని తప్పిన చోట స్తంభాల మీద మనుషులు కాలిపోయారు. ఆపింది ఎవరు, ఎందుకు, ఎప్పుడు, మళ్లీ ఇవ్వాల్సింది ఎవరి మాట మీద అన్నవన్నీ ఒక్క వరుసలో రాసి ఉంటాయి. ఇంతకన్నా నిజాయితీగా రాసిన నిలుపుదల మన పాలనలో అరుదు. రాష్ట్రాన్ని కదిలించే ఉత్తర్వుల్లో లేని స్పష్టత, ఒక ఫీడర్‌ను గంటసేపు ఆపే రిజిస్టర్‌లో ఉంది.

ఫ్యాక్టరీలకు వద్దాం. ఈ ప్రాంతం ఎన్నో మూతలు చూసింది. రామగుండంలో బొగ్గు ఆధారంగా కట్టిన ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో ఆగిపోయింది. ఆదిలాబాద్ పట్నం పక్కన సీసీఐ సిమెంటు ఫ్యాక్టరీ 1990లలోనే ఆగింది. కాగజ్‌నగర్‌లో నిజాం కాలం నాటి సిర్పూర్ పేపర్ మిల్లు 2014 సెప్టెంబరులో ఆగింది. మూడింటికీ జనం వాడే మాట ఒక్కటే, ‘మిల్లు బంద్ వడ్డది’. చట్టం మాత్రం ఇలాంటి ఆగడాన్ని రకరకాలుగా విడదీసింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం బొగ్గో, కరెంటో, ముడిసరుకో దొరక్కనో, యంత్రం చెడో, సరుకు పేరుకుపోయో యాజమాన్యం పని చూపలేకపోతే అది లే ఆఫ్. కార్మికుడి పేరు మస్టర్‌లో ఉంటుంది, ఉద్యోగం పోదు. ఏడాది సర్వీసు నిండినవాడికి మూల వేతనం, డీఏలలో సగం పరిహారంగా ఇవ్వాలి. అయితే కార్మికుడు రోజుకొకసారైనా చెప్పిన వేళకు గేటు దగ్గర హాజరు చూపించుకోవాలి. ‘మిల్లు బందే కదా’ అని ఊరికి పోయి పత్తి చేనులో పని చూసుకున్నవాడు ఆ సగం కూడా పోగొట్టుకునే ప్రమాదం ఉంది. లాకౌట్ అంటే యాజమాన్యం తానే తాళం వేయడం. అది న్యాయమా కాదా అన్నది తేలేదాకా జీతం సంగతి తేలదు. క్లోజర్ అంటే శాశ్వతంగా మూయడం. పెద్ద సంస్థ అయితే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి, సర్వీసులో ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం కట్టాలి. ఆ చట్టం కింద 100 మంది కార్మికులున్న చోటల్లా అనుమతి తప్పనిసరిగా ఉండేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ హద్దును 300కు పెంచింది. దాంతో చిన్న మిల్లుల్లో ఆ రక్షణ పోయింది. ఇది కార్మికులకు కీడు చేసే మార్పు అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మరి ‘షట్‌డౌన్’? రామగుండం ఎన్టీపీసీలో ఒక యూనిట్‌ను మరమ్మతులకు ఆపితే అది షట్‌డౌన్. పేపర్ మిల్లుల్లో ఏటా యంత్రాలు విప్పి సరిచేసేదీ షట్‌డౌనే. కానీ పారిశ్రామిక వివాదాల చట్టంలో ఆ మాటకు నిర్వచనమే లేదు. అది ఇంజనీరు మాట, చట్టం మాట కాదు. యంత్రానికి షట్‌డౌన్ అంటే ఏమిటో ఇంజనీరుకు తెలుసు. మనిషికి దాని అర్థమేమిటో ఎక్కడా రాయలేదు. అది వారానికి ముగిస్తే సెలవు, నెలలు దాటితే లే ఆఫో లాకౌటో, ఏళ్లు దాటితే ఆచరణలో క్లోజర్. ఏది ఏ రోజున ఏదిగా మారిందో చెప్పే బాధ్యత ఎవరికీ లేకపోతే జీతాలు, పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ గాలిలో వేలాడతాయి. ‘మీది లే ఆఫా, లాకౌటా, క్లోజరా, రాసివ్వండి’ అని మొదటి నెలలోనే అడిగే కార్మిక సంఘం, అడగని సంఘం కన్నా ఎంతో ముందుంటుంది. సిర్పూర్ మిల్లు దివాలా చట్టం దారిలో నడిచి, జేకే పేపర్ సంస్థ చేతికి పోయి 2018లో మళ్లీ తెరుచుకుంది. నడుమ నాలుగేళ్లు ఆ పట్నం బతుకు ఎలా చితికిందో అక్కడి అంగళ్లకు, బడులకు తెలుసు. రామగుండం కథ ఇంకా పొడుగు. 2015లో ఆర్‌ఎఫ్‌సీఎల్ అనే కొత్త కంపెనీ పుట్టి, 2021 మార్చి 22న వాణిజ్య ఉత్పత్తి మొదలైంది. కొత్త ప్లాంటు గ్యాసుతో నడిచేది.  జనం నోట్లో ఫ్యాక్టరీ ‘మళ్ల తెరిచిండ్రు’ అయింది. కాగితం మీద పాతది పోయింది, కొత్తది వచ్చింది.

ఇక్కడ ఒక అభ్యంతరం గట్టిగా వినిపిస్తుంది. ఇవన్నీ వకీళ్ల తేడాలు, పొయ్యి మీద ఎసరు లేనివాడికి లే ఆఫ్ అయితేనేం, లాకౌట్ అయితేనేం అంటారు. ఆకలి ఒక్కటే అన్నది నిజమే. కానీ ఆ ఆకలికి సగం జీతం వస్తుందా, ఏమీ రాదా అన్నది ఈ తేడా మీదే ఉంది. సస్పెన్షన్‌నే తీసుకుందాం. సస్పెండ్ చేశారంటే ఉద్యోగం పోయిందని ఇంట్లోవాళ్లు ఏడుస్తారు, బంధువులు పరామర్శకు వస్తారు. సస్పెన్షన్ శిక్ష కాదు, విచారణ ముగిసేదాకా పనికి దూరంగా ఉంచడం. స్టాండింగ్ ఆర్డర్ల నిబంధనల కింద ఆ కాలంలో మొదటి 90 రోజులు సగం వేతనం జీవన భృతిగా ఇవ్వాలి. ఆ తర్వాతి ఆలస్యం కార్మికుడి వల్ల కాకపోతే నాలుగింట మూడు వంతులు ఇవ్వాలి. డిస్మిస్‌కూ సస్పెన్షన్‌కూ తేడా తెలియక ఆ భృతి అడగనివాళ్లే మొదట అప్పుల పాలవుతారు. డబ్బున్నవాడికి ఈ తేడాలు వివరించడానికి వకీలు ఉంటాడు. లేనివాడే ఈ మాటలు స్వయంగా తెలుసుకోవాలి.

కార్మిక సంఘాలకు మాత్రం ఈ విద్య ఎప్పుడో అబ్బింది. సమ్మె ముగించేటప్పుడు అవి ‘విరమించాం’ అని తేలిగ్గా అనవు, ‘వాయిదా వేశాం’ అంటాయి. 2011లో సెప్టెంబరు 13న మొదలై తెలంగాణ రాష్ట్రం కోసం 42 రోజులు సాగిన సకల జనుల సమ్మె గుర్తుండే ఉంటుంది. సింగరేణి కార్మికులు దిగడంతో బొగ్గు ఆగి, కరెంటు కోతలతో ఆ సమ్మె వేడి రాష్ట్రమంతా తగిలింది. అక్టోబరు 24న ఉద్యోగులు పనిలోకి వచ్చినప్పుడు దాన్ని తాత్కాలిక వాయిదాగానే ప్రకటించారు. అప్పుడు కొందరు అది ఓటమికి కప్పిన ముసుగన్నారు. నేను అలా అనుకోను. విరమణ అంటే డిమాండు కూడా చాలించుకున్నట్టు. వాయిదా అంటే సమ్మె చేసే హక్కు, కారణం రెండూ తమ చేతిలోనే ఉంచుకున్నట్టు. ప్రభుత్వం అబెయన్స్ అన్నప్పుడు తాళం ప్రభుత్వం దగ్గర ఉన్నట్టే, సంఘం వాయిదా అన్నప్పుడు తాళం సంఘం దగ్గర ఉంటుంది. అదే సంఘాలకు ఎదురుదెబ్బ తగిలింది సొంత ఎన్నికల్లో. సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికలు 2017 అక్టోబరులో జరిగాయి, ఆ తర్వాత ఏళ్ల తరబడి మళ్లీ జరగలేదు. 2023 అక్టోబరు 28న పెడతామన్నారు. శాసనసభ ఎన్నికలు అడ్డొచ్చాయని హైకోర్టు డిసెంబరు 27కు వాయిదా వేసింది. ఆ రోజున జరిగాయి. అంతకు ముందు నడిచిన ఆలస్యానికి తేదీ లేదు. హైకోర్టు వేసిన వాయిదాకు ఉంది. తేదీ ఉన్న వాయిదా గడిచిపోయింది. తేదీ లేనిది ఏళ్లను మింగింది.

కోర్టు మాటల్లో అందరికీ తెలిసింది స్టే. తెలిసినంతగా తప్పుగా అర్థమైందీ అదే. స్టే రాగానే కేసు గెలిచినట్టు పటాకులు కాలుస్తారు. సుప్రీంకోర్టు 1992లోనే చాముండి మోపెడ్స్ కేసులో ఈ సంగతి తేల్చింది. ఒక ఉత్తర్వును కొట్టివేస్తే అది పుట్టకముందున్న పరిస్థితి తిరిగి వస్తుంది. స్టే ఇస్తే ఉత్తర్వు అలాగే ఉంటుంది, స్టే ఇచ్చిన రోజు నుంచి నడవకుండా నిలబడుతుంది. స్టే వెకేట్ అయిన నిమిషాన అది మళ్లీ నడుస్తుంది. 2025 అక్టోబరులో ఊరూరా ఈ తేడా అనుభవంలోకి వచ్చింది. స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ ఇచ్చే 9వ నంబరు జీవో మీద, దాని ఆధారంగా వెలువడిన ఎన్నికల నోటిఫికేషన్ మీద అక్టోబరు 9న హైకోర్టు స్టే ఇచ్చింది. నోటిఫికేషన్ వెలువడింది కూడా ఆ రోజే. ఎన్నికల సంఘం ప్రక్రియను నిలిపివేసింది. జీవో కొట్టివేయలేదు కాబట్టి ‘మాకు 42 శాతం ఉన్నట్టే’ అని ఒకరు, ‘పోయినట్టే’ అని ఒకరు వాదించుకున్నారు. ఇద్దరి మాటా సగమే నిజం. జీవో ఉంది, అమలు లేదు. చివరికి పాత 50 శాతం హద్దుకు లోబడి పంచాయతీ ఎన్నికలు డిసెంబరు 11, 14, 17 తేదీల్లో జరిగాయి. 2024 ఫిబ్రవరి నుంచి అప్పటిదాకా పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలో ఉండిపోయాయి. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం నిధులూ ఆగాయి. ఆ కాలపు నష్టం ఎవరి ఖాతాలో రాయాలో ఏ ఉత్తర్వులోనూ లేదు.

ప్రతి స్టేకూ గడువు పెడితే ఈ బాధ తీరుతుంది కదా అనవచ్చు. దేశం ఆ దారి కూడా చూసింది. 2018లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, పొడిగించకపోతే స్టే ఆరు నెలలకు దానంతటదే పోతుందంది. 2024 ఫిబ్రవరి 29న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ నియమాన్ని కొట్టివేసింది. కోర్టు వినలేకపోయిన పాపానికి కక్షిదారు రక్షణ పోగొట్టుకోవడం అన్యాయమన్నది అక్కడి తర్కం. ఒప్పుకోవాల్సిన తర్కమే. ఇల్లు కూల్చకుండా స్టే తెచ్చుకున్న పేదవాడికి ఆరు నెలలు నిండిన రాత్రి ఇల్లు పోకూడదు. కాబట్టి నేను అడిగేది ముగింపు తేదీ కాదు, మళ్లీ చూసే తేదీ. స్టే ఎప్పుడు పోతుందో రాయలేకపోవచ్చు. దాన్ని ఎప్పుడు తిరిగి పరిశీలిస్తారో రాయవచ్చు. అవతలి పక్షాన్ని వినకుండా ఇచ్చిన ఇంజంక్షన్‌ను 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది. కొత్త ఆలోచన ఏమీ కాదు, పాటించాల్సిన పాత నియమం.

చదువుకునే పిల్లలకు పోస్ట్‌పోన్, క్యాన్సిల్ మధ్య తేడా తెలిసినంతగా మరెవరికీ తెలియదు. 2020 మార్చి 19న మొదలైన పదో తరగతి పరీక్షలు మూడు పేపర్లు అయ్యాక కరోనా వల్ల వాయిదా పడ్డాయి. జూన్ 8న రద్దయ్యాయి. 5 లక్షల 34 వేల మందిని పరీక్ష లేకుండానే పాస్ చేశారు. వాయిదాలో ఉన్న రెండున్నర నెలలూ పిల్లలు పుస్తకం మూయలేకపోయారు, రద్దయిన రోజున మూశారు. గ్రూప్-2 అభ్యర్థులకు ఆ ఊరట కూడా దక్కలేదు. 783 ఉద్యోగాలకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు అన్నారు, నవంబరు అన్నారు, 2024 జనవరి అన్నారు, ఆగస్టు అన్నారు, చివరికి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో పెట్టారు. కరీంనగర్‌లో అద్దె గదుల్లో ఉండి చదివేవారికి ప్రతి వాయిదా మరికొన్ని నెలల కిరాయి, మరికొన్ని నెలల మెస్ బిల్లు. కొన్నిసార్లు వాయిదా కోరింది అభ్యర్థులే. అడిగినవారికీ అడగనివారికీ ఖర్చు ఒక్కటే. వాళ్ల నోట్లో పోస్ట్‌పోన్ అనే మాట స్థిరపడటానికి తెలుగు తీరు కూడా కొంత కారణం. ‘పరీక్ష వెనక్కి జరిపారు’ అంటే ఆలస్యమైందని కొందరు, ముందే వచ్చిందని కొందరు అర్థం చేసుకుంటారు. ‘ముందుకు జరిగింది’ అన్నా అదే గొడవ. పోస్ట్‌పోన్, ప్రీపోన్ అంటే ఆ సందేహం లేదు. ప్రీపోన్ మన దేశంలో బాగా వాడుకలోకి వచ్చిన ఇంగ్లిషు మాట. ఇక్కడి అవసరమే దానికి ప్రాణం పోసింది.

డబ్బు విషయంలో అందరికంటే ఎక్కువ మోసపుచ్చిన మాట మారటోరియం. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు కిస్తీల మీద మూడు నెలల మారటోరియం ప్రకటించింది, తర్వాత ఆగస్టు 31దాకా పొడిగించింది. ఆటో, ట్రాక్టర్ కిస్తీలు కట్టేవారు చాలామంది దాన్ని మాఫీ అనుకున్నారు. ఆగింది కట్టే తేదీ మాత్రమే, వడ్డీ నడుస్తూనే ఉంది. వడ్డీ మీద వడ్డీ కూడా పడటంతో జనం కోర్టుకెక్కారు. మొదట ప్రభుత్వం 2 కోట్ల లోపు అప్పులకు ఆ చక్రవడ్డీ భారం తాను భరించింది. 2021 మార్చి 23న సుప్రీంకోర్టు ఆ కాలానికి ఎవరి మీదా చక్రవడ్డీ వేయరాదంది, మొత్తం వడ్డీ మాఫీకి మాత్రం ఒప్పుకోలేదు. మన రైతులకు ఈ తేడా కొత్తది కాదు. కరువు ఏడాది పంట రుణాన్ని రీషెడ్యూల్ చేశారంటే అప్పు పోలేదని, మాఫీ అంటేనే పోయిందని వారికి అనుభవం నేర్పింది. దివాలా చట్టంలోనూ ఇదే మాట ఉంది. అక్కడ మారటోరియం కంపెనీకి దక్కుతుంది. అది ఉన్నంతకాలం కంపెనీ మీద కొత్త దావాలు నడవవు. బకాయి జీతం రావాల్సిన కార్మికుడూ ఆగాల్సిందే. ఒకరికి ఊపిరి ఇచ్చే మాట ఇంకొకరిని వేచి ఉండమంటుంది. ఎవరికి ఊపిరి, ఎవరికి నిరీక్షణ అని ప్రతిసారీ అడగాలి.

ఏ మాటా లేకుండా ఆపడం అన్నిటికన్నా ప్రమాదం. 2009 నవంబరు 29న కేసీఆర్ కరీంనగర్ నుంచి దీక్షకు బయలుదేరి అలుగునూరు దగ్గర అరెస్టయ్యారు. డిసెంబరు 9న కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందన్నారు. అదే నెల 23న పరిస్థితి మారింది, విస్తృత సంప్రదింపులు కావాలి అన్నారు. రెండో ప్రకటన మొదటిదాన్ని రద్దు చేయలేదు, వాయిదా వేయలేదు, తేదీ చెప్పలేదు. ఆపుతున్నామన్న మాటే లేకుండా ఆపింది. రద్దు అని ఉంటే జనం ఏం చేయాలో తేల్చుకునేవారు. వాయిదా అని ఉంటే తేదీ అడిగేవారు. అడగడానికి పట్టు దొరకని ఆ ప్రకటన తర్వాత రాష్ట్రం రావడానికి 2014 జూన్ 2దాకా పట్టింది. ఆ నడుమ ఉద్యమంలో ప్రాణాలు తీసుకున్న యువకుల్లో చాలామంది ఈ ఉత్తర తెలంగాణ జిల్లాలవారే. ‘పెండింగ్’ కూడా ఈ జాతిదే. పెద్దపల్లి-కరీంనగర్-నిజామాబాద్ రైలు మార్గానికి పీవీ నరసింహారావు 1993లో పునాదిరాయి వేస్తే 2017లో పూర్తయింది. ఆర్మూర్ మీదుగా ఆదిలాబాద్‌కు రైలు మాత్రం సర్వేల్లోనే మిగిలింది. నేటికీ ఆదిలాబాద్ రైలు మహారాష్ట్రలోని ముద్ఖేడ్ చుట్టూ తిరిగి రావాల్సిందే. ఆ మార్గాన్ని ఎవరూ ఆపలేదు, ఎవరూ రద్దు చేయలేదు. అందుకే ఎవరినీ నిలదీయలేకపోతున్నారు.

ఈ ఇంగ్లిషు మాటలు వదిలేసి తెలుగులో చెప్పుకుంటే సరిపోదా అని భాషాభిమానులు అంటారు. నాకు ఆ అభిమానం ఉంది, ఆ పరిష్కారం మీద నమ్మకం లేదు. ఈ నేల ఆపే మాటలను ఎప్పుడూ పాలించినవారి భాష నుంచే తీసుకుంది. వాయిదా, రద్దు, మాఫీ అరబ్బీ నుంచి, బంద్ ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా నిజాం కచేరీల్లో మనవయ్యాయి. ఇప్పుడు వాటిని పరాయివి అనేవారు లేరు. స్టే, పెండింగ్ కూడా అదే దారిలో ఉన్నాయి. మాట ఏ భాషదన్నది నాకు ముఖ్యం కాదు. అబెయన్స్‌నూ, స్టేనూ, సస్పెన్షన్‌నూ, చివరికి కొట్టివేతను కూడా ఒకే ‘నిలిపివేత’గా అచ్చువేసే అలవాటు మాత్రం మానాలి. ఆపడమే తప్పని కూడా నేను అనడం లేదు. అబెయన్స్ రాకపోతే 49వ జీవో ఆ వానాకాలంలోనే అమలయ్యేది. ఆగడం అప్పుడు ఆదివాసులను కాపాడింది. కాపాడిన ఆ మాటే ఎప్పటిదాకా కాపాడుతుందో రాయలేదన్నదే నా ఫిర్యాదు.

1966 నాటి చట్టం తెలుగును అధికార భాషగా చేసింది, 2017లో ఉర్దూ రెండో అధికార భాష అయింది. జీవోలు నేటికీ ఎక్కువగా ఇంగ్లిషులోనే వస్తున్నాయి. ఆసిఫాబాద్ అడవుల్లో గోండి, కొలామి మాట్లాడేవారికి తెలుగే రెండో భాష, ఇంగ్లిషు ఇంకా ఎంతో దూరం. ఆపే ఉత్తర్వు ఏదైనా సరే, దాని కింద తెలుగులో ఒక పేరా ఉండాలని అడుగుతున్నాను. ఆపింది ఎవరు, రద్దా నిలుపుదలా, తిరిగి చూసే తేదీ ఏది, ఆగినన్నాళ్ల నష్టం ఎవరిది అన్నవి అందులో ఉండాలి. గోండి, కొలామి మాట్లాడే ఊళ్లలో దాన్ని గ్రామసభలో వారి భాషలో చదివి వినిపించాలి. అధికారులు రాయకపోతే పత్రికలైనా రాయాలి. ఉత్తర్వు అందుకున్నవారు కాపీ తీసుకుని, అందులో ఏ మాట ఉందో చూసి, తేదీ లేకపోతే రాతపూర్వకంగా అడగండి. ఊరి సబ్‌స్టేషన్ రిజిస్టర్‌లో రోజూ రాస్తున్నది జిల్లా కలెక్టరేట్‌లోనూ, సచివాలయంలోనూ రాయడం కష్టమేమీ కాదు.